మెంఫిస్‌లో రెండు రోజులు

గత అక్టోబరులో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మేము మెంఫిస్ వెళ్ళివచ్చిన సంగతి తెలిసి, సంపాదకులు యాత్రావ్యాసం ఒకటి రాసిమ్మన్నారు. "ఎల్విస్ ఇల్లు చూశారా, టిక్కెట్టు ఎంత, శాకాహారం దొరుకుతుందా, ఇవి రాస్తే చాలు, మనవాళ్ళకి పనికొస్తుంది" అని సలహా కూడా ఇచ్చారు. ఎల్విస్ ఇల్లు మేము చూడలేదు. అక్కడికి వెళ్ళేసరికే రెండు రోజులూ అయిపోయాయి. శాకాహారం సంగతి మాత్రం తప్పకుండా రాస్తాం.

కొత్త సభ్యుల కోసం మా ఇంటి సంగతి ఒక ముక్క. మాలో ఆవిడది వరంగల్ జిల్లా, ఆయనది గుంటూరు జిల్లా. ఇద్దరం హైదరాబాదులో ఒకే కాలేజీలో డాక్టరీ చదివాం. రాష్ట్రం విడిపోయిన ఏడాదే మేము కలిశాం, అంటే 2014లో మా పెళ్ళి అయింది. ఈ హాస్యం మా ఇంట్లో అరిగిపోయింది గానీ, కొత్తవాళ్ళ దగ్గర ఇంకా చెల్లుతోంది.

పాత సభ్యులకు మరో సంగతి కూడా తెలుసు. కిందటి ఉగాది కార్యక్రమానికి సాంస్కృతిక కార్యదర్శులం మేమిద్దరమే. ఏళ్ళ తరబడి మన సభలు 'మా తెలుగు తల్లికి' పాటతో మొదలవుతూ వచ్చాయి. శంకరంబాడి సుందరాచారి గారి రచన, టంగుటూరి సూర్యకుమారి గారి గొంతు, దాని గురించి కొత్తగా చెప్పేదేముంది? కాని 2014 తర్వాత ఆ పాటకు కొన్ని కుటుంబాలు లేవడం మానేశాయి. కొందరు సరిగ్గా ఆ పాట అయ్యాకే హాల్లోకి వచ్చేవారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో అందెశ్రీ గారి 'జయ జయహే తెలంగాణ'ను రాష్ట్ర గీతం చేశాక, అది కూడా పాడించమని కొందరు, రెండూ వద్దని కొందరు ఉత్తరాలు రాశారు. దానికి బాణీ కూర్చిన కీరవాణి గారు ఆంధ్రులని అక్కడే అభ్యంతరాలు వచ్చాయి, ఇక ఇక్కడి సంగతి చెప్పాలా! మేము రెండు పాటలూ తీసేసి గణపతి ప్రార్థనతో సరిపెట్టాం. అదే ఊపులో, ఉద్యమకాలపు పాట ఒకటి పాడతానని అడిగిన ఒక కుర్రాడికి "రాజకీయ గీతాలకు మన వేదిక మీద చోటు లేదు" అని రెండు వాక్యాల జవాబు పంపాం. అతను మళ్ళీ సభలకు రాలేదు. వాళ్ళ అమ్మగారు కరీంనగర్ నుంచి వచ్చినప్పుడల్లా మాకు సకినాలు పంపేవారు. ఈసారి పంపలేదు.

ఇదంతా మనసులో పెట్టుకుని మేము మెంఫిస్ వెళ్ళలేదు. మూడు రోజుల సెలవు దొరికింది, దారి దగ్గర, అంతే. సెయింట్ లూయీ నుంచి 55వ నెంబరు రహదారి పట్టుకుని తిన్నగా దక్షిణానికి పోవడమే. నాలుగున్నర గంటల ప్రయాణం అంటారు. చిన్నపిల్లలతో ఆరు గంటలు వేసుకోండి.

మిస్సోరీ రాష్ట్రం ఆగ్నేయమూలకు రాగానే నేల చదునైపోతుంది. రోడ్డుకు రెండు వైపులా పత్తి. పసుపుపచ్చ, గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద పత్తి చుట్టలు చేలలో దొర్లించి ఉన్నాయి. మాది ఇద్దరిదీ పత్తి పండే నల్లరేగడి నేలే. కారు ఆపి, రోడ్డు పక్కకు కొట్టుకొచ్చిన దూది ఒక గుప్పెడు ఏరాం. ఎండిన కాయ అంచు గీరుకుని మా అమ్మాయి వేలి మీద చిన్న రక్తపు గీత పడింది. పత్తి తీతల రోజుల్లో మా నాయనమ్మల వేళ్ళనిండా ఇలాంటివే ఉండేవి. ఇక్కడ ఇప్పుడు యంత్రాలు తీస్తున్నాయి. అంతకు ముందు ఎవరి వేళ్ళు తీశాయో, ఆ మనుషుల పిల్లలూ మనుమలూ ఎక్కడికి వెళ్ళారో, ఏం పాడారో అన్నదే మెంఫిస్ కథ.

ఆర్కాన్సా మీదుగా వెళ్ళి మిసిసిపీ నది వంతెన దాటితే ఊరు. నది గోదావరి కన్నా వెడల్పా కాదా అన్న వాదం వంతెన పొడుగునా నడిచింది. రాజమండ్రి దగ్గర గోదావరి చూసినవాళ్ళకి ఇది పెద్దగా ఆనదని మా తీర్పు.

మొదటి రోజు లొరేన్ మోటెల్‌కి వెళ్ళాం. మార్టిన్ లూథర్ కింగ్ గారిని 1968 ఏప్రిల్ 4న కాల్చి చంపిన చోటు ఇదే. 1991 నుంచి ఇది పౌరహక్కుల మ్యూజియం. మోటెల్ ముఖభాగం అప్పటిలాగే ఉంచారు. 306వ నెంబరు గది ముందు వరండా కమ్మీకి పూలచక్రం, కింద ఆ కాలపు కార్లు రెండు. ఇంతవరకు చాలామందికి తెలుసు. మాకు తెలియనిది ఏమిటంటే, ఈ మోటెల్ సినిమా పాటల్లాంటి పాటలు పుట్టిన చోటు కూడా. ఊళ్ళో మంచి హోటళ్ళు నల్లవారికి గది ఇవ్వని రోజుల్లో గాయకులంతా ఇక్కడే దిగేవారు. నల్లవాడైన విల్సన్ పికెట్, తెల్లవాడైన గిటారు వాయిద్యకారుడు స్టీవ్ క్రాపర్ కలిసి 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' అనే పాట 1965లో ఇక్కడి గదిలోనే కట్టారు. అది వట్టి ప్రేమపాట. అయితే ఆ ఊళ్ళో వాళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చుని పని చేసుకోవడం ప్రేమవ్యవహారం కాదు, రాజకీయం.

కింగ్ గారు మెంఫిస్ ఎందుకు వచ్చారు? చెత్త ఎత్తే పాకీ పనివారి సమ్మె కోసం. 1968 ఫిబ్రవరి 1న వాన కురుస్తుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పనివారు చెత్తబండి వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఫిబ్రవరి 12న సుమారు 1300 మంది పని మానేశారు. ఓటికుండల్లా కారే తొట్లను నెత్తిన పెట్టుకుని మోసిన మనుషులు వారు. రోజంతా ఒళ్ళు విరుచుకున్నా కొందరికి సర్కారు సాయం తీసుకుంటే గాని ఇల్లు గడిచేది కాదు. మెడలో అట్టలు వేలాడదీసుకుని వీధుల్లో నడిచారు. అట్టల మీద రాసింది ఒకటే మాట, 'నేను మనిషిని' అని. మ్యూజియంలో చెత్తబండి ఎదుట ఆ అట్టలు చూసి మా అమ్మాయి "వాళ్ళు మనుషులని ఎవరికి తెలీదమ్మా?" అంది. మేము హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు వార్డు తుడిచే ఆయనను ఏడాది పొడుగునా "ఏయ్" అనే పిలిచాం. ఆయన పేరు ఇప్పటికీ మాకు తెలియదు. అమ్మాయికి ఆ సంగతి చెప్పలేదు.

306వ గది దగ్గరకు వచ్చేసరికి మహేలియా జాక్సన్ గొంతు వినిపిస్తోంది. 'ప్రెషస్ లార్డ్' అనే భక్తిగీతం. ఆ సాయంత్రం వరండాలో నిలబడి, కింద ఉన్న బెన్ బ్రాంచ్ అనే సాక్సోఫోను విద్వాంసుణ్ణి కింగ్ గారు ఈ పాటే వాయించమని అడిగారు. ఆ తర్వాత కొన్ని క్షణాలకే తూటా తగిలింది. అంత్యక్రియల్లో మహేలియా జాక్సన్ అదే పాట పాడింది.

ఈ పాటకు మా ఊరితోనూ, మా వృత్తితోనూ సంబంధం ఉంది. రాసినవాడు థామస్ డోర్సీ. అంతకు ముందు మా రైనీ అనే ప్రఖ్యాత గాయని పక్కన పియానో వాయిస్తూ కొంటె పాటలు కట్టినవాడు. 1932 ఆగస్టులో ఒక ప్రార్థన సభకని సెయింట్ లూయీ వచ్చాడు. ఇంటి దగ్గర షికాగోలో భార్య నిండు గర్భిణి. ఇక్కడికే తంతి వచ్చింది, కాన్పులో భార్య పోయిందని. పరుగున వెళితే బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో పుట్టింది ఈ పాట. మాలో ఆవిడ చేసేది కాన్పుల పనే. ఈ దేశంలో నల్లజాతి తల్లుల కాన్పు మరణాలు తెల్లజాతి తల్లుల కంటే ఇప్పటికీ రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ లెక్కలు ఆవిడకు కంఠతా వచ్చు. అయినా పాట వింటూ గోడకు ఆనుకుని చాలాసేపు కదల్లేదు. ఒక భర్త ఇంటి ఏడుపు ముప్ఫై ఆరేళ్ళకి ఒక జాతి ఏడుపు అయింది. పాటలో మాట ఒక్కటి మారలేదు.

అక్కడే, బయటి బెంచీ మీద, పదకొండేళ్ళ పెళ్ళిలో రాని మాట ఒకటి వచ్చింది. 2011లో సకలజనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. అప్పుడు మేము హౌస్ సర్జన్లం. హాస్టలు ముందు రాత్రిళ్ళు ధూంధాం. డప్పు మొదలైతే వరంగల్ ఆవిడ డ్యూటీ దిగి తిన్నగా కోరస్‌లో నిలబడేది. గుంటూరు ఆయన కిటికీ మూసుకునేవాడు. పాటల మధ్య వచ్చే నినాదాల్లో ఆయన ఊరివాళ్ళని పొమ్మన్నవీ ఉండేవి. కిటికీ అందుకే మూశాడని ఆవిడ ఇన్నేళ్ళూ అనుకుంది. ఆయనా అవుననే అన్నాడు. లొరేన్ మోటెల్ బెంచీ మీద చెప్పిన సంగతి వేరు. 2009 చివరి నుంచి ఉద్యమంలో ఒంటికి నిప్పంటించుకున్న పిల్లలు ఉన్నారు కదా. మా ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో ఆయన పోస్టింగు. కట్లు కట్టింది ఆయన. ఒక కుర్రాడు తెలివి ఉన్నంతసేపూ గొణిగింది రాత్రిళ్ళు హాస్టలు ముందు పాడే ఆ పాటే. తర్వాత ఆ పాట వినబడితే ఆయనకు వార్డు వాసన వచ్చేదట. పాట మీద కోపం కాదు, వాసన భరించలేక మూశాడు. ఉగాదికి ఆ కుర్రాడు పంపిన కాగితం మీద ఉన్నది కూడా అదే పాట.

ఆవిడ ఏమీ అనలేదు. పిల్లలకు ఆకలేస్తోందని లేచాం.

ఇక్కడ శాకాహారం సంగతి. మెంఫిస్ అంటే పంది మాంసం కాల్చే ఊరు, గాలిలోనే ఆ పొగ ఉంటుంది. వేయించిన బెండకాయ, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు దొరుకుతాయి గాని చిక్కుళ్ళలో మాంసం ముక్క వేశారో లేదో అడిగి మరీ తీసుకోవాలి. మేము పులిహోర, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాం కాబట్టి బతికాం. పీబాడీ హోటల్లో ఉదయం పదకొండింటికీ సాయంత్రం అయిదింటికీ బాతులు ఎర్ర తివాచీ మీద నడుస్తాయి. మా అబ్బాయికి మెంఫిస్ అంటే ఆ బాతులే.

రెండో రోజు మెక్‌లెమోర్ అవెన్యూలోని స్టాక్స్ మ్యూజియం. జిమ్ స్టివర్ట్ అనే బ్యాంకు గుమాస్తా, ఫిడేలు వాయించే తెల్లవాడు, 1957లో పాటల రికార్డింగు కంపెనీ పెట్టాడు. అక్కగారు ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టి రికార్డింగు యంత్రం కొనిపెట్టింది. 1960లో నల్లవారి పేటలో మూతబడిన సినిమా హాలు అద్దెకు తీసుకుని అందులో స్టూడియో పెట్టారు. సినిమా హాలు నేల తెర వైపు పల్లంగా ఉంటుంది కదా, దాన్ని చదును చెయ్యడానికి డబ్బు లేక అలాగే వదిలేశారు. ఆ వాలు వల్లనే అక్కడి రికార్డులకు ప్రత్యేకమైన గుల్లధ్వని వచ్చిందంటారు. పక్కన అక్కగారు రికార్డుల దుకాణం నడిపేది. పేటలోని కుర్రకారు అక్కడ చేరి ఏ పాటకు కాలు ఆడిస్తున్నారో చూసి లోపలికి కబురు చెప్పేది. ఇంతకంటే మంచి వ్యాధి నిర్ధారణ పద్ధతి మేమూ ఎరగం.

లోపలి వాద్యబృందంలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. తలుపు లోపల కలిసి వాయించేవారు, బయటి ఊళ్ళో కలిసి తిరగడం ఒక సాహసం. వారి పాటల్లో నూటికి తొంభై వలపు పాటలే, రాజకీయం పేరెత్తరు. ఆ స్టూడియో నేల మీద నిలబడి ఉండగా మనవడితో వచ్చిన ఒక పెద్దాయన మాటల్లో పడ్డాడు. ఆ పేటలోనే పెరిగాడట. మేము ఆ ప్రశ్నే అడిగాం. అవన్నీ గంతులెయ్యడానికి కొన్న పాటలే, కాని ఏ చరణం దగ్గర గట్టిగా అరవాలో మా అందరికీ తెలుసు అన్నాడు.

దీనికి మంచి ఉదాహరణ 'రెస్పెక్ట్'. 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడినప్పుడు అది రెక్కలు ముక్కలు చేసుకుని ఇంటికొచ్చిన మగవాడు పెళ్ళాన్ని మర్యాద అడిగే పాట. ఓటిస్ మొదట్లో వేరే బృందానికి కారు నడుపుకుంటూ ఈ స్టూడియోకి వచ్చి, చివర్లో మిగిలిన కాస్త సమయంలో పాడే అవకాశం సంపాదించినవాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను ఆడదాని నోట పాడింది. అర్థం తలకిందులైంది. ఆడవారూ అందుకున్నారు, హక్కుల ఉద్యమమూ అందుకుంది. అరీతా పుట్టిన చిన్న ఇల్లు ఈ స్టూడియోకి అట్టే దూరంలో లేదు. తిరుగు ప్రయాణంలో కారులో రెండూ వేసుకుని విన్నాం. మా ఇంట్లో ఎవరిది ఏ పక్షమో రాయనక్కర లేదు.

కింగ్ గారి హత్య తర్వాత ఆ తలుపు లోపలి స్నేహం మునుపటిలా లేదని అందులో ఉన్నవారే చెప్పుకున్నారు. అదే ఏడాది మరో దెబ్బ. పంపిణీ చేసే పెద్ద కంపెనీతో రాసుకున్న ఒప్పందంలో రికార్డుల హక్కులన్నీ వారివేనని ఒక షరతు ఉంది, స్టివర్ట్ అది చదవకుండానే సంతకం పెట్టాడు. ఓటిస్ 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు, ఆయన పాటలూ చేజారాయి. వీసా కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టిన మాకు నవ్వు రాలేదు. అయినా అల్ బెల్ అనే నల్లజాతి అధికారి మళ్ళీ కంపెనీని నిలబెట్టాడు. 1975లో దివాలా తీసింది. 1989లో హాలు కూలగొట్టారు. 2003లో అదే స్థలంలో అచ్చం అలాగే కట్టి, వాలు నేలతో సహా, మ్యూజియం చేశారు. ఐజక్ హేస్ గారి బంగారు తాపడం కాడిలాక్ కారు అందులో గిర్రున తిరుగుతూ ఉంటుంది. పక్కనే పేట పిల్లలకు సంగీతం నేర్పే బడి.

మమ్మల్ని ఆపేసింది మాత్రం వాట్‌స్టాక్స్. లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ పేట 1965లో తగలబడింది. ఏడేళ్ళకు, 1972 ఆగస్టు 20న, ఆ ఊరి కొలిసియం మైదానంలో స్టాక్స్ వారు పెద్ద కచేరీ పెట్టారు. టిక్కెట్టు ఒక్క డాలరు. లక్ష మందికి పైగా వచ్చారు. దాని మీద తీసిన సినిమాలో ఒక దృశ్యం ఉంది. కిమ్ వెస్టన్ అనే గాయని ముందు అమెరికా జాతీయగీతం పాడుతుంది. జనంలో చాలామంది కదలరు. మాట్లాడుకుంటూ, ఏదో తింటూ కూర్చునే ఉంటారు. తర్వాత నల్లజాతి వారు తమ గీతంగా పాడుకునే 'లిఫ్ట్ ఎవ్రీ వాయిస్' ఎత్తుకుంటుంది. అంతా లేచి నిలబడతారు, పిడికిళ్ళు పైకెత్తి.

గుంటూరు ఆయన "మన హాలు" అన్నాడు. అంతే.

మేము పోల్చి చూసుకోవడం అతిశయం కావచ్చు. బానిసత్వం నుంచి వచ్చిన వారి బాధ ఎక్కడ, మంచి ఇళ్ళూ కార్లూ ఉన్న మన అలకలు ఎక్కడ! అయినా కూర్చుండిపోయిన వారిని ఎవరూ బయటకు పంపలేదు, జాతీయగీతాన్నీ మానలేదు, రెండో పాటనూ మానలేదు. రెండూ పాడారు. లేచేవారు లేచారు. మేము ఉగాదికి చేసింది ఎవరూ లేవనక్కర లేకుండా చెయ్యడం. పైగా దానికి సంస్కృతి అని పేరు పెట్టాం. 'మా తెలుగు తల్లికి' పాటలో రాజకీయం లేదని నమ్మడం మా గుంటూరు పక్షానికి సులువు. అది తమ పాట కాబట్టి. గద్దర్ గారికి 1997లో తూటాలు తగిలాయి, ఒకటి తియ్యడానికి వీలుకాక ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఎప్పుడు ఏ పాట రాజకీయమో, ఎప్పుడు సంస్కృతి అవుతుందో తేల్చే అధికారం సాంస్కృతిక కార్యదర్శులకు ఎవరిచ్చారో మాకు గుర్తులేదు.

ఇంటికి వస్తూ పత్తి చేల మధ్య పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు ఆ కుర్రాడికి ఫోను చేశాం. ఆవిడే మాట్లాడింది. సంక్రాంతి సభకు ఆ పాట పాడమని అడిగింది. అటు నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "ఇప్పుడు రాజకీయం కాదా అక్కా అది?" అన్నాడు. "రాజకీయమే. పాడు" అంది. ఫోను వాళ్ళ అమ్మగారు అందుకున్నారు. "సకినాలు పంపిస్త బిడ్డా. గని కోరస్ లేకపోతె ఆ పాట నిలవది. మీరిద్దరు ఆయన ఎనక నిలబడాలె" అన్నారు.

కాబట్టి సభ్యులకు మనవి. సంక్రాంతి కార్యక్రమం 'మా తెలుగు తల్లికి'తో మొదలవుతుంది, 'జయ జయహే తెలంగాణ' కూడా ఉంటుంది, ఆ కుర్రాడి పాట భోజనాలకు ముందు. లేవడం కూర్చోవడం ఎవరి ఇష్టం వారిది. కోరస్‌లో మాలో ఒకరికి పాట ఇదివరకే వచ్చు. రెండో వారు కాగితం మీద రాసుకుని రోజూ రాత్రి పై గదిలో సాధన చేస్తున్నారు, కిటికీ మూసుకుని.